రెండో దెబ్బ ఆలస్యం

హలో… ఆఁ, నేనేరా. ఇంకెవరుంటారు ఈ ఇంట్లో ఫోనెత్తేవాళ్ళు.

లేదు, ఒంట్లో బాగానే ఉంది. మెల్లగా మాట్లాడుతున్నానంతే. అత్తయ్యకి ఇప్పుడే కునుకు పట్టింది. పక్కగదేగా, తలుపు వేస్తే ఒప్పుకోదు… ఆఁ, బూట్లతోనే పడుకుంది. విప్పబోతే కాలు లాక్కుంది. మళ్ళీ తొడిగేసరికి అరపూట పడుతుంది, ఉండనీ అని సైగ. ఉండనిచ్చాను. ఎవరు వాదిస్తారు, ఓపికుండాలి కదా.

సరే, అదలా ఉంచు. పొద్దున పంపిన ఫైలు విన్నావా?

విన్నావూ… ఊఁ.

ఊఁ.

ఒరేయ్, నువ్వు "ఫర్వాలేదక్కా" అనేది ఎప్పుడో నాకు తెలుసు. చిన్నప్పుడు నా వంట తిని కూడా ఇదే గొంతుతో అనేవాడివి. పాటలు కట్టి బతుకుతున్నవాడివి, ఒక్క తోబుట్టువుని కదా అని జాలిపడకుండా చెప్పు. ఏం తప్పుంది?

… సౌండా? కాదే. ఎర్రగీత దాటనివ్వలేదు. దాటితే చిట్లుతుందని నువ్వే భయపెట్టావుగా.

… అతుకు కూడా సరిచేశాను. లూప్ తిరిగి మొదలయ్యే చోట ఎక్కిలొచ్చినట్టు ఆగేది చూడు, అది నిన్న సాయంత్రం దొరికింది. తెర మీది గళ్ళలో చివరిది ఒకటి ఖాళీగా మిగిలిపోయింది, అదే తంటా. ఒక్క గడి కోసం పాలు పొంగబెట్టుకున్నాను. పొయ్యి ఇంకా కడగనేలేదు.

… నవ్వు, నవ్వు. పద్దెనిమిదేళ్ళు కళ్ళద్దాల షాపులో కూర్చుని ఊరందరి చూపూ సరిచేశాను. ఈ గళ్ళు చూసీ చూసీ ఇప్పుడు నాకే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రాత్రి కళ్ళు మూసుకున్నా గళ్ళే. వాటిలో చుక్కలు.

… ఆఁ. కింది వరస నీ కిక్ డ్రమ్మే. మొదటి గడిలో. నువ్వు చెప్పినట్టే.

పై వరసా… బాగుందా? నిజంగా? చెప్పుకో చూద్దాం, అదేం చప్పుడో.

… కాదు. తలుపు కాదు.

… డ్రమ్ముల పెట్టెలోంచి తీసింది కాదురా. మా అత్తయ్య స్కేలు. చెక్క స్కేలు. టైపు నేర్పే రోజుల్లో బల్ల మీద కొట్టేది చూడు, అదే. బీరువా పైన దొరికింది. భోజనాల బల్ల మీద ఒకసారి కొట్టి, ఫోన్‌లో పట్టి, కంప్యూటర్‌లోకి లాగి, ముందూ వెనకా కత్తిరించాను… ఆఁ, నేనే. ఎవరు చేసిపెడతారు మరి. మీ బావకి ఆ కంప్యూటర్‌లో ఉత్తరం చదవడం తప్ప ఏమీ రాదు.

అత్తయ్యకి ఇంకా వినిపించలేదు. ఇవాళ నిద్ర లేచాక నడిపించేటప్పుడు పెడదామని. ఇన్నాళ్ళూ ఉత్త డ్రమ్ముతోనేగా నడిపించింది.

సరే, తప్పేంటో చెప్పు.

…

రెండో దెబ్బా?

… ఆలస్యంగా పడుతోందని నాకు తెలుసురా.

… ఒక్కచోట కాదు, ప్రతిసారీ. అదీ తెలుసు.

… ఆ బటన్ నాకు తెలుసు. దాని పేరు నా నోట పలకదు గానీ, నొక్కితే చుక్కలన్నీ బుద్ధిగా వెళ్ళి గళ్ళలో కూర్చుంటాయి. నొక్కకూడదనే నొక్కలేదు. నువ్వే చెప్పావుగా, కీబోర్డు మీద పక్కనున్న మీట నొక్కిపట్టి జరిపితే చుక్కని గడి బయట కూడా పెట్టొచ్చని. అలా పెట్టాను. ఒక్కొక్కటీ.

ఎందుకేంటి. ఆవిడ నడకే అది.

… చెబుతా విను. పక్షవాతం వచ్చాక వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఏమంది? చప్పుడుకి తగ్గట్టు అడుగెయ్యడం అలవాటు చెయ్యమంది. ఫోన్‌లో టిక్కు టిక్కుమనేది పెట్టాం. ఏమైంది? నాలుగడుగులేసి, చప్పుడొకవైపు కాలొకవైపు అయిపోయి, నడిమధ్యలో బిగుసుకుపోయింది. పట్టుకోబోయి నా నడుము పట్టేసింది. ఆ నొప్పి ఇంకా పోలేదు. తర్వాత నువ్వొకటి పంపావు. పంపావు కదా… పిల్లనగ్రోవి, వెనకాల సముద్రం హోరు. అది విని ఆవిడ ఎవరు పోయారని అడిగింది.

… నీ తప్పని అనట్లేదు. రోజుకో రకంగా నడుస్తోంది మనిషి, రోజూ నిన్నేం అడుగుతాను అనేగా నేనే నేర్చుకుంటానన్నది.

అందుకని ఏం చేశానంటే, ఆవిడ బాత్రూమ్‌కి వెళ్ళేటప్పుడు ఫోన్ నేల మీద పెట్టి అడుగుల చప్పుడు రికార్డు చేశాను. కుడికాలు టక్కున పడుతుంది. ఎడమది ఈడ్చుకుంటూ, ఆలోచించుకుంటూ, ఎప్పటికో పడుతుంది. కంప్యూటర్‌లో ఆ చప్పుడు కింద పరిచి, కుడికాలు పడిన చోట డ్రమ్ము, ఎడమకాలు పడిన చోట రెండో దెబ్బ. నిన్నటిదాకా అదీ డ్రమ్మే, ఇప్పుడు స్కేలు. ఒక్క బీట్ కూడా ఆవిడ కాలికి తప్పదు. అది పెట్టాకే కదా ఆగకుండా గుమ్మం దాకా వస్తోంది. నా చెయ్యి పట్టుకునే అనుకో. అయినా వస్తోంది.

… ఏంటి?

…

మళ్ళీ చెప్పు.

…

అంటే… నేను ఆవిడకి కుంటడం నేర్పుతున్నానంటావు.

… లేదు, నాకేం కోపం లేదు. చెప్పు.

… ఊఁ. మనం బీట్ వెనకాల నడవాలి గానీ, బీట్ మన వెనకాల నడవకూడదు. ఊఁ. బాగుంది. స్టూడియోలో చల్లగా కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు.

… సారీ రా. నోరు జారింది.

లేదు. ఉన్నానిక్కడే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నీకు తెలుసో తెలీదో, సోమవారం వస్తోంది ఆ అమ్మాయి. చూడ్డానికి… ఆఁ, వచ్చే సోమవారమే. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళగలగాలి. గోడ పట్టుకోవచ్చు, మనిషిని పట్టుకోకూడదు. వెళ్తే పగలు ఇంట్లో ఒక్కదాన్నే వదలొచ్చు, నేను షాపుకి వెళ్ళొచ్చు. వెళ్ళలేకపోతే వృద్ధాశ్రమం. మా వదిన… అదే, మీ బావ వాళ్ళక్క, చూసి మాట్లాడి కూడా వచ్చింది. కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయట. అత్తయ్య ఎదుటే అనేసింది ఆ మాట. ఈవిడ అటు తిరిగి పడుకుంది.

… మీ బావేమంటాడు. ఏమీ అనడు. అక్కకీ నాకూ మధ్య గోడలా నిలబడతాడు.

షాపాయన ఇంక ఆగడట. నా కుర్చీలో వాళ్ళ బావమరిదిని కూర్చోబెట్టాడు. ముక్కు మీద అద్దం నిలబెట్టడం కూడా రాదు ఆ మహానుభావుడికి. అయినా కుర్చీ ఖాళీగా లేదు కదా, అదీ లెక్క.

… నిజం చెప్పనా. ఎవరికీ చెప్పకు. ఒక్కోసారి అనిపిస్తుందిరా, పంపించేస్తే పోతుంది కదా అని. ఒళ్ళు తుడుస్తూ ఉంటాను, చేతులు పని చేస్తూనే ఉంటాయి, లోపల అదే మాట. తర్వాత ఆవిడ నా మొహంలోకి చూస్తుంది చూడు, మాట పూర్తిగా రాదుగా, కళ్ళతోనే… చదివేసినట్టుంటుంది. ఇరవై ఏళ్ళు నన్ను సతాయించిన మనిషేరా. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కొంగు దాకా. అయినా ఆ చెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టి రావడం నా వల్ల కాదు. అలిసిపోయాను గానీ, అంతగా అలిసిపోలేదు.

… ఏడవట్లేదు. జలుబు.

సరేలే. ఇప్పుడేం చెయ్యమంటావు చెప్పు. గళ్ళల్లోకి లాగేస్తే మళ్ళీ బిగుసుకుపోతుంది. ఇలాగే ఉంచితే కుంటుతుంది.

… కొంచెంగానా? ఎంత?

… అంటే రెండో చుక్కని కాస్త ముందుకి జరిపి, ఆవిడకి తెలీకుండా. మర్నాడు ఇంకాస్త. మోసం కదరా అది.

… సరే, మందు తేనెలో కలపడం అనుకుందాం. సోమవారానికి ఎక్కడ అందుతుంది గానీ, కానీలే. ఉండు, కంప్యూటర్ ముందుకి జరుగుతాను. ఈ బట్టల బుట్ట ఒకటి… ఆఁ. తెరిచాను.

టెంపో నలభై, నిమిషానికి నలభై దెబ్బలు. ముట్టుకోనా వద్దా?… వద్దు. సరే.

మీట పట్టుకున్నాను. రెండో చుక్క. జరుపుతున్నా… అబ్బ, ఎగిరి పక్క గడిలో కూర్చుంది. ఇదొకటి. దీనికీ మా వదిన లక్షణాలే.

… ఆఁ, వెనక్కి తెచ్చాను. పెద్దది చేసుకుని చూడాలా? ఓహో. గడిలో మళ్ళీ గళ్ళున్నాయే. ముందే చెప్పొద్దూ, కళ్ళు పోయేవి కావు.

… జరిగింది. వెంట్రుకవాసి. మిగతావన్నీ కూడా ఇలాగేనా, లేకపోతే ఒకటి చేసి కాపీ కొట్టనా?… కాపీ. సరే. సేవ్ చేశాను. వేరే పేరుతోనే. మొన్న పాతదాని మీదే సేవ్ చేసి ఎంత ఏడ్చానో నీకు తెలుసుగా.

నీకు వినిపించాలా? కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించి ఉన్నాయి, పీకేస్తే బయటికొస్తుంది. ఆవిడ నిద్ర… సరే, కొంచెం సౌండుతో. ఫోన్ దగ్గరగా పెడతాను. ముందు పాతది, తర్వాత ఇది.

ఇదిగో, పాతది.

…

విన్నావుగా? ఇప్పుడు కొత్తది…

ఉండు.

లేచినట్టుంది. చెంచా కొడుతోంది మంచం పట్టీ మీద. అది మా ఇంట్లో కాలింగ్ బెల్. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లు కొడితే బాత్రూమ్. లైన్లో ఉండు, వెళ్ళొస్తా. రెండు కొట్టింది… మూడు…

మూడు కొడితే ఏంటో మేం అనుకోనేలేదే.

నాలుగు. ఆపట్లేదు. ఏంటి అత్తయ్యా? వస్తున్నా.

…

ఒరేయ్, నీళ్ళు కాదట. బాత్రూమూ కాదట. తల అడ్డంగా ఊపింది. కంప్యూటర్ వైపు చెంచా చూపించి మళ్ళీ కొడుతోంది. పడుకునే. చప్పుడు ఎక్కువైందేమో, ఆపమంటోందేమో. ఆపేస్తున్నా.

ఆపాను. అయినా కొడుతోంది.

… నీకు వినిపిస్తోందా అక్కడికి?

… సమానంగా ఉందా? చెంచా?

… కచ్చితంగా నలభయ్యేనా? కొలిచావా?… నువ్వేం చెబుతున్నావురా. మూతి సగం పనిచెయ్యని మనిషి, ఎడమచెయ్యి లేవని మనిషి…

ఆగాగు. ఏదో అంటోంది. ఏంటండీ?… మళ్ళీ చెప్పండి… "రెండోది."

రెండోది ఆలస్యం. అదీ అనేది. మాట సగమే వస్తోంది గానీ అదే. "ఎవరు… స్కేలు… రెండోది ఆలస్యం."

నా కర్మ. పట్టేసిందిరా. టైపు క్లాసులో గదినిండా పిల్లలు ఒకేసారి కొడుతుంటే, ఎవడు ఏ అక్షరం దగ్గర నత్తనడక నడుస్తున్నాడో వీపు తిప్పుకుని నిలబడి చెప్పేదట. మీ బావ కథలు కథలుగా చెబుతాడు. అన్ని అక్షరాలూ ఒకే బరువుతో, ఒకే ఎడంతో పడాలి. అప్పటిదాకా స్కేలు ఆగదు. ఇప్పుడు నేను ఆవిడ స్కేలుతోనే ఆవిడ ముందు తప్పు కొట్టాను. ఊరుకుంటుందా.

… ఆఁ. కోపంగానే ఉంది. మొహం ఎర్రగా అయింది. చాలా రోజులైంది అలా చూసి.

… ఏంటి, ఆ బటన్ నొక్కమంటావా? గళ్ళలోకి?… మొత్తమా? కొంచెం కొంచెంగా అన్నావు ఇప్పుడే.

… అవునులే. ఆవిడకి తెలీకుండా జరిపేదేముంది ఇంక. ఆవిడకన్నీ తెలుసు.

సరే. అన్నీ ఎంచుకున్నాను. నొక్కుతున్నా.

కూర్చున్నాయి. ఒక్కొక్కటీ గడిలో సరిగ్గా. అద్దం ఫ్రేములో పడ్డట్టు. చూడ్డానికి బాగుందిరా, ఎప్పుడూ నొక్కలేదు కదా.

పెడుతున్నా. విను.

…

చెంచాతో కలిసిపోయింది. వింటున్నావా? ఏది చెంచానో ఏది స్కేలో…

…

చెంచా ఆగింది.

… కాదు, కాదు, నచ్చక కాదు… ఉండు, ఇక్కణ్ణుంచి సరిగ్గా కనబడట్లేదు.

లేచి కూర్చుందిరా. తనంతట తనే. కాళ్ళు కింద పెట్టింది. బూట్లు ఉండనే ఉన్నాయిగా… అత్తయ్యా, ఆగండి, నేనొస్తున్నా, పట్టుకుంటాను—

వద్దంటోంది. చెంచా నా మీదికి చూపించి వద్దంటోంది.

గోడ పట్టుకుంది… లేచి నిలబడింది.

… నువ్వు అరవకు. పడితే నేనేం చెయ్యను, నా నడుము…

… ఏంటి? ఫోన్ కింద పెట్టాలా? ఎందుకు?

… సరే. సరే. నాకు మటుకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడట్లేదు. నేలకి ఆనించి పట్టుకుంటాను. నువ్వే విని చెప్పు. మాట్లాడకు.

…

…

…

విన్నావా? చెప్పు త్వరగా.

… బాగుందా… ఊఁ… రెండోది ఇంకా కొంచెం ఆలస్యమా? ఎంత?

… వెంట్రుకవాసి. అంతేనా. అంతే కదా?

… చుక్కని జరపమంటావా?

… ఒరేయ్, చుక్క కాదురా.

బీట్ కాదు. ఆవిడ నిలబడగానే భయమేసి ఆపేశాను. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నువ్వు విన్నది ఆవిడ కాళ్ళు.

…

హలో? ఉన్నావా?

… ఆఁ. గుమ్మం దాటింది. ఎవరి చెయ్యీ లేదు. నా వైపే చూస్తూ వస్తోంది, కంప్యూటర్ వైపు.

ఏంటి అత్తయ్యా?

… "ఎందుకు ఆపావు" అంటోంది.

సరేనండీ. మళ్ళీ పెడతాను. మొదట్నుంచీ పెడతాను… ఒరేయ్, ఈ బట్టల బుట్ట దారికి అడ్డంగా ఉంది, తియ్యాలి. ఫోన్ బల్ల మీద పెట్టేస్తున్నా.